రైలు వదిలేసిన కట్ట మీద, ద్రాక్షతోటల నడుమ: క్లేర్ వ్యాలీలో సైకిల్ యాత్రకు సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఉత్తరంగా సుమారు 110 కిలోమీటర్లు వెళ్తే ఆబర్న్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ మొదలయ్యే ఒక కంకర బాట లీజింగ్‌హామ్, వాటర్‌వేల్, పెన్‌వర్తమ్, సెవెన్‌హిల్, క్లేర్ ఊళ్లను కలుపుకుంటూ బరీనియా దాకా సాగుతుంది. మొత్తం సుమారు 35 కిలోమీటర్లు. చుట్టూ కొండలు, ఆ కొండల వాలుల నిండా ద్రాక్షతోటలు. బాట మీదికి కార్లు, మోటారు సైకిళ్లు రావు. రీస్లింగ్ అనే తెల్లద్రాక్షకు ఈ లోయ పేరుమోసింది కాబట్టి దీనిని రీస్లింగ్ ట్రెయిల్ అంటారు.

నేను అడిలైడ్‌లో ఉంటాను. ఈ దారిలో చాలాసార్లు వెళ్లాను, చేయదగిన తప్పులన్నీ చేశాను. మీరు చేయకుండా ఉండేందుకే ఈ వివరాలన్నీ.

ముందుగా: ఈ బాట ఎందుకింత తేలిక?

ఇది ఒకప్పటి రైలు మార్గం. 1918లో క్లేర్‌కు రైలు వచ్చింది. 1983 ఫిబ్రవరి 16న ఆగ్నేయ ఆస్ట్రేలియాను కార్చిచ్చులు చుట్టుముట్టాయి. యాష్ వెన్‌స్‌డే అని ఇక్కడివారు ఇప్పటికీ తలచుకొనే రోజు అది. ఆ మంటల్లో ఈ లైను కూడా దెబ్బతింది. దానిని మళ్లీ బాగుచేసేంత రాబడి లేకపోవడంతో మూసేశారు, పట్టాలు తీసేశారు. మిగిలిన కట్ట మీద 1990లలో స్థానికులు పూనుకొని సన్నకంకర పరిపించి నడిచేవారికీ సైకిళ్లకూ అప్పగించారు.

గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మా మామగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనను కూడా తీసుకువెళ్లాను. సైకిల్ దిగి, కొండను చీల్చిన కోతనూ దాని తర్వాత వచ్చిన మట్టికట్టనూ కాసేపు చూసి, "కోసిన మట్టిని తెచ్చి పల్లంలో పోశారు. రైలు ఎక్కలేని ఎత్తును మనమూ ఎక్కనక్కర్లేదు లెండి అల్లుడుగారూ" అన్నారు. ఈ బాట రహస్యమంతా ఆ మాటలోనే ఉంది. ఆవిరి ఇంజనుకు నూరడుగులకు రెండడుగుల ఎత్తు కూడా ఆయాసమే. అందుకే ఇంజనీర్లు కొండను తవ్వి, వాగును పూడ్చి, వంపులు తిప్పి వాలును తగ్గించారు. వందేళ్ల కిందట ఇంజను కోసం పడిన ఆ శ్రమ ఇప్పుడు మన మోకాళ్లకు కలిసివస్తోంది. అరవై ఆరేళ్ల మామగారు బ్యాటరీ సైకిల్ మీద నాకంటే ముందు వెళ్లారు.

వాహనాలు రావన్నాను కానీ, బాట అక్కడక్కడా మామూలు రోడ్లను దాటుతుంది. దాటేచోట గేట్లు, హెచ్చరిక పలకలు ఉంటాయి. వాలు మీద వేగంగా వస్తూ వాటిని మరచిపోవద్దు. ఇక్కడి పల్లె రోడ్ల మీద కార్లు తక్కువే కానీ, వచ్చేవి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వస్తాయి.

ఒకటో అడుగు: ఏ నెలలో వెళ్లాలి

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి కాలాలు తిరగబడతాయి. నా మొదటి ఎంపిక ఏప్రిల్, మే నెలలు. కోతలు అయిపోయి తోటలు పసుపు, రాగి రంగులకు తిరుగుతాయి. పగలు ఎండ హాయిగా ఉంటుంది. మే నెలలో వచ్చే క్లేర్ గోర్మే వీకెండ్ పండగకు మాత్రం జనం విరగబడతారు. ఆ సందడి కావాలనుకుంటే బస ముందుగా చూసుకోండి, వద్దనుకుంటే ఆ వారం తప్పించండి.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వసంతం. కొండలు పచ్చగా ఉంటాయి. అప్పుడు ఒక్కటే బెడద, మాగ్‌పై పక్షి. గూటికి కాపలా కాసే మగపక్షి సైక్లిస్టును చూస్తే వెనకనుంచి వచ్చి హెల్మెట్ మీద పొడుస్తుంది. గింజుకుంటూ వేగం పెంచితే పడిపోతారు. దిగి, దాని వైపు చూస్తూ నడిచిపోతే సాధారణంగా వదిలేస్తుంది. చలువ కళ్లద్దాలు తీయవద్దు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. వెళ్లక తప్పకపోతే తెల్లవారగానే మొదలుపెట్టి పదింటికల్లా ముగించండి. ముందురోజు రాత్రి దక్షిణ ఆస్ట్రేలియా కంట్రీ ఫైర్ సర్వీసు ప్రకటించే అగ్నిప్రమాద స్థాయిని చూడండి. అది చివరి మెట్టు 'కెటాస్ట్రఫిక్' అని ఉంటే ఆ రోజు ఆ వైపు వెళ్లకూడదు. ఈ బాట పుట్టుకకు కారణమే కార్చిచ్చు అన్న సంగతి మరవకూడదు.

జూన్, జూలైలలో పొద్దుటిపూట వేళ్లు కొంకర్లు పోయే చలి. జనం మాత్రం ఉండరు. నిండు చేతి తొడుగులు ఉంటే అదీ ఒక సుఖమే.

రెండో అడుగు: సైకిల్

ప్రధాన బాటకు, కంకర దారుల కోసమే వెడల్పు టైర్లతో చేసే గ్రావెల్ సైకిలే కావాలని లేదు. కంకర సన్నగా, గట్టిగా అణగి ఉంటుంది. కాస్త వెడల్పు టైర్లున్న మామూలు హైబ్రిడ్ సైకిల్ చాలు. ఆబర్న్‌లోనూ క్లేర్‌లోనూ అద్దెకు దొరుకుతాయి, బ్యాటరీవి కూడా. పిల్లలను లాగే బండ్లు కావాలంటే ముందే చెప్పాలి. గ్రావెల్ సైకిల్ విలువ రెండోరోజు, కొండల్లోకి మళ్లినప్పుడు తెలుస్తుంది. దాని సంగతి తర్వాత.

సొంత సైకిల్ తెచ్చుకునేవారికి కొన్ని లెక్కలు. టైరు 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. డెబ్బై అయిదు కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో ముందు 30, వెనక 33 పీఎస్ఐ గాలి దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ సర్దుకోవచ్చు. ట్యూబు ఉన్న టైరయితే అయిదారు ఎక్కువ పెట్టండి, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండుచోట్ల చిల్లులు పడుతుంది. గాలి గట్టిగా నింపితే వేగం వస్తుందన్నది తారురోడ్డు అలవాటు. కంకర మీద అలా చేస్తే సైకిల్ గులకరాయిలా ఎగురుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి.

ఇప్పుడు పల్లేరుకాయల గురించి. మన చేలగట్ల మీద చెప్పుల్లేని కాళ్లను ఏడిపించే ఆ పల్లేరే ఇక్కడా ఉంది. కాల్ట్రాప్ అంటారు, కలుపుమొక్కగా ప్రకటించారు. దానికి తోడు త్రీకార్నర్ జాక్ అని మరో మూడుముళ్ల కాయ. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. మొదటిసారి నేను ఒకే ఒక్క ట్యూబు వెంట తీసుకువెళ్లాను. భోజనానికి ఆగి సైకిల్‌ను బాట పక్కన గడ్డిలోకి తోశాను. తిరిగి వచ్చేసరికి రెండు టైర్లూ చప్పబడ్డాయి. ముందు చక్రంలో మూడు ముళ్లు లెక్కపెట్టాను. సైకిల్‌ను గడ్డిలోకి తోయవద్దు, ఎత్తి పట్టుకుని దాటించండి. ట్యూబ్‌లెస్ టైర్లలో చిల్లులు పూడ్చే సీలెంటు ద్రవం తాజాగా ఉంటే ఈ బాధ దాదాపు ఉండదు, అది మూడు నాలుగు నెలల్లో ఎండిపోతుంది కాబట్టి బయలుదేరే ముందు చూసుకోండి. ముల్లు కనిపించగానే పీకేయాలన్న ఆత్రం వద్దు. పీకిన వెంటనే చక్రం తిప్పి, ద్రవం చిల్లు దగ్గరికి చేరేలా చేయాలి.

హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి. ఎడమవైపునే వెళ్లాలి కాబట్టి మనవాళ్లకు ఇబ్బంది లేదు. అమెరికా నుంచి వచ్చే బంధువులకు మాత్రం ఒక మాట చెప్పండి: ఇక్కడి సైకిళ్లలో ముందు చక్రపు బ్రేకు కుడిచేతి వైపు ఉంటుంది. అలవాటు కొద్దీ కుడిబ్రేకు గట్టిగా నొక్కితే కంకర మీద ముందు చక్రం జారిపోతుంది.

మూడో అడుగు: వెంట ఏమి ఉండాలి

మనిషికి రెండు సీసాల నీళ్లు, వేసవిలో మూడు. ఊళ్లు దగ్గర దగ్గరగానే ఉన్నా, ప్రతిచోటా కుళాయి ఉంటుందని అనుకోవద్దు. రెండు ట్యూబులు, పంపు, టైరు లివర్లు, చైను తెగితే కలిపే లింకు. సన్‌స్క్రీన్ మరవద్దు, రంగు నలుపు కదా మాకెందుకు అనుకునే వాళ్లను ఇక్కడి ఎండ మొదటి మధ్యాహ్నానికే దారికి తెస్తుంది. ఈగల మాట చెప్పకపోతే తప్పవుతుంది: వేడి రోజుల్లో ముఖం చుట్టూ ముసురుతాయి, సైకిల్ కదిలితేనే వదులుతాయి.

వైను తయారుచేసి అమ్మే వైనరీలలో చీజు, రొట్టె, ఆలివ్ కాయలు పళ్లెంలో పెట్టి ఇస్తారు, బాగానే ఉంటాయి. అయినా నేను చింతపండు పులిహోర కట్టుకునే వెళ్తాను. అది పాడవదు, చల్లారినా రుచి తగ్గదు. పైగా ఇక్కడి రీస్లింగ్ వైనులో నిమ్మచెక్క లాంటి పులుపు ఉంటుంది. పులుపు మీద పులుపేమిటని మా ఇంట్లో వెక్కిరించారు. నువ్వులనూనె, ఇంగువ, వేయించిన పల్లీలు, ఆ వెనుక తీపిలేని చల్లని వైను ఒక గుటక. వెక్కిరించినవారే మరుసటిసారి డబ్బా పెద్దది తెచ్చారు. అయితే వైనరీ బల్ల దగ్గర కూర్చుని సొంత డబ్బా విప్పకండి. బాట పక్కన ఉండే బెంచీలు అందుకే ఉన్నాయి.

నాలుగో అడుగు: ఎటు నుంచి ఎటు

దారి మధ్యభాగం ఎత్తు. సెవెన్‌హిల్, పెన్‌వర్తమ్ పరిసరాలు పైన ఉంటే ఆబర్న్, క్లేర్ రెండూ కింద ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టినా ముందు ఎక్కడం, తర్వాత దిగడం.

మొదటిసారి మేము క్లేర్‌లో దిగి, పదకొండింటికి అక్కడే రెండు వైనరీలు చూసి, ఆ తర్వాత దక్షిణంగా సెవెన్‌హిల్ వైపు ఎక్కాం. వాలు చిన్నదే. కానీ నడినెత్తిన ఎండ, కడుపులో వైను, ఎదురుగాలి. నలుగురిలో ఇద్దరు సైకిళ్లు తోసుకుంటూ నడిచారు.

ఆ అనుభవం నేర్పిన పద్ధతి ఇది: ఒక్కరోజే ఉన్నవారు కారును ఆబర్న్‌లో ఆపి, ఉదయం ఎనిమిదింటికల్లా బయలుదేరి, వైనరీల తలుపులు తెరుచుకోకముందే ఎక్కాల్సినదంతా ఎక్కేయాలి. సెవెన్‌హిల్ దాకా 18 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆగుతూ సాగుతూ వెళ్లినా రెండు గంటలు. చాలా వైనరీలు పది, పదకొండు గంటలకు తెరిచి సాయంత్రం నాలుగు, అయిదుకు మూసేస్తాయి. కాబట్టి రుచులన్నీ తిరుగుదారికి దాచుకోవాలి. అప్పుడు దారంతా దిగుడు. రాను పోను 36 కిలోమీటర్లు, రోజు తొక్కే అలవాటు లేనివారికి కూడా పర్వాలేదు. ఒక రాత్రి ఉండగలిగితే క్లేర్‌లో బసచేసి, మొదటిరోజు ఆబర్న్ నుంచి క్లేర్ దాకా దాదాపు 25 కిలోమీటర్లు, మరుసటిరోజు కొండల దారులు. ఉత్తరాన క్లేర్ నుంచి బరీనియా వెళ్లే చివరి ముక్కలో జనం పలచబడతారు. తోటలు తగ్గి పొలాలు, గొర్రెల మేత నేలలు ఎక్కువవుతాయి. ప్రశాంతత కోరుకునేవారికి నచ్చుతుంది, సమయం తక్కువైతే వదిలేయదగ్గదీ అదే.

అయిదో అడుగు: దారిలో చూసుకుంటూ

ఆబర్న్‌లో పాత స్టేషను దగ్గరే బాట మొదలవుతుంది. రాతి ఇళ్లు దాటగానే తోటలు. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద అల్లుకున్న అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవారికి ఇవి కొత్తగా కనిపిస్తాయి. ఇక్కడ పందిరి ఉండదు. నడుమెత్తు తీగలకు ద్రాక్షను వరసలుగా కట్టి పెంచుతారు. పండు తినడానికి కాదు కాబట్టి గుత్తులు చిన్నవి, పళ్లు చిన్నవి, తొక్క మందం.

వాటర్‌వేల్ దగ్గర బాట పక్క మట్టిని గమనించండి. పైన ఎర్రమట్టి, దాని కింద సున్నపురాయి. తూర్పున కొండ దాటితే పోలిష్ హిల్ రివర్ అనే చోట కింద ఉన్నది పలకరాయి. ఈ రెండు చోట్ల రీస్లింగ్‌లను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టించుకుని రుచి చూడటం ఈ యాత్రలో నేను మానని పని. వాటర్‌వేల్ వైను పూలవాసనతో తొందరగా చేరువవుతుంది. పోలిష్ హిల్‌ది బిగుసుకుని ఉంటుంది, కొన్నేళ్లు దాచాక తెరుచుకుంటుంది. లోయ సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తున ఉండటంతో పగలు ఎంత కాగినా రాత్రి చల్లబడుతుంది. ఆ చలివల్లే పండులో పులుపు నిలుస్తుంది.

పెన్‌వర్తమ్‌లో చిన్న చర్చి పక్క శ్మశానంలో జాన్ హారక్స్ సమాధి ఉంది. ఈ ఊరు నెలకొల్పింది ఆయనే. మీరు అడిలైడ్ నుంచి వచ్చిన హైవేకు కూడా ఆయన పేరే పెట్టారు. 1846లో ఉత్తరాన కొత్త సాగునేలలు వెతకడానికి హ్యారీ అనే ఒంటెను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆయన తుపాకీలో మందు కూరుతున్న సమయంలో ఒంటె ఒక్కసారిగా కదిలింది, తుపాకీ పేలింది. ఆ గాయంతో కొన్ని వారాలకు చనిపోయాడు. సొంత ఒంటె చేతిలో కాల్పులకు గురైన అన్వేషకుడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. పది నిమిషాల విశ్రాంతికి ఇంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు.

ఎండకాసే వసంతపు ఉదయాల్లో బాట మధ్యలో ఎండిన కొమ్మలా ఏదైనా పడి ఉంటే చక్రం ఎక్కించవద్దు. అది స్లీపీ లిజర్డ్, పొట్టితోక బల్లి. బెదిరించినా కదలదు, నీలం నాలుక చూపిస్తుంది. ఒకటి కనిపిస్తే కాస్త దూరంలో రెండోది వెతకండి. ఇవి ఏటేటా అదే జంటను వెతుక్కుంటూ వస్తాయని అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి తేల్చారు. గోధుమరంగు పాములు కూడా ఇదే ఎండ కోసం బయటికి వస్తాయి. అవి విషపూరితం. ఆగి, దూరంగా నిలబడి, దారివ్వండి. అంతకు మించి చేయవలసింది లేదు.

ఇక సెవెన్‌హిల్. ఆ పేరు చదవగానే మామగారు సైకిల్ ఆపి చేతులు జోడించారు. నిజానికి ఈ ఏడుకొండలు రోమ్ నగరానివి. ఆస్ట్రియా నుంచి వచ్చిన, జెసూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందిన ఫాదర్ అలోయిసియస్ క్రానెవిటర్ ఇక్కడి కొండలను చూసి రోమ్‌ను తలచుకుని ఆ పేరు పెట్టాడు. 1851లో వారు చర్చి పూజలకు కావలసిన వైను కోసం నాటిన తోటతోనే ఈ లోయలో వైనరీల చరిత్ర మొదలైంది. రాతి చర్చినీ నేలమాళిగనూ చూడవచ్చు. ఏ ఏడుకొండలైతేనేం అని మామగారు నమస్కారాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆరో అడుగు: వైను రుచి చూసే పద్ధతి

రుచి చూపే గదిని సెల్లార్ డోర్ అంటారు. కొన్ని చోట్ల చిన్న రుసుము ఉంటుంది, సీసా కొంటే తగ్గిస్తారు. పోసేది ముప్పై మిల్లీలీటర్లకు మించదు. ముందు తెల్లవి, తర్వాత ఎర్రవి, చివర తీపివి. బల్ల మీద ఉమ్మే పాత్ర ఉంటుంది. దానిని వాడటం అమర్యాద కాదు, వైను తయారుచేసేవారే వాడతారు. ఇక్కడి లెక్కలో పది గ్రాముల ఆల్కహాలు ఒక ప్రమాణం. మామూలు వైను వంద మిల్లీలీటర్లలో దాదాపు అంత ఉంటుంది. అంటే నాలుగు రుచులు మింగితే ఒక ప్రమాణం దాటినట్టే. కారు నడిపేవారికి రక్తంలో 0.05 శాతం పరిమితి. మత్తులో సైకిల్ తొక్కడమూ నేరమే. రోజుకు మూడు వైనరీలు నా హద్దు. నాలుగోదానిలో ఏ వైనూ గుర్తుండదు. తాగనివారు మొహమాటపడక్కర్లేదు, మామగారు ప్రతిచోటా కాఫీ అడిగి తాగారు.

మూతతీసే మర కోసం వెతకవద్దు. కార్కు బిరడాలవల్ల వైను చెడుతోందని విసిగి 2000వ సంవత్సరపు పంట నుంచి ఈ లోయలోని పలువురు తయారీదారులు కలిసికట్టుగా రీస్లింగ్‌కు తిప్పే మూతలు పెట్టారు. ఆ పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. సైకిల్ సంచిలో సీసా మోయడం మాత్రం తెలివైన పని కాదు. కొన్నది అక్కడే ఉంచి, సాయంత్రం కారులో వెళ్లి తీసుకోండి.

ఏడో అడుగు: తోటలోకి అడుగు పెట్టవద్దు

ఫొటో కోసం వరసల మధ్యకు సైకిల్ నడిపించడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. ఫిలోక్సెరా అనే సూక్ష్మమైన పేనులాంటి పురుగు ద్రాక్ష వేళ్లను పీల్చి చంపుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా తోటలను తుడిచిపెట్టింది అదే. 1877లో పక్కనున్న విక్టోరియా రాష్ట్రంలోని జీలాంగ్ దగ్గర బయటపడింది. దక్షిణ ఆస్ట్రేలియా 1899లోనే దానికోసం ప్రత్యేక చట్టం చేసి కట్టడి చేసింది. ప్రపంచంలోని అతి పాత ద్రాక్ష తీగల్లో కొన్ని ఇప్పటికీ ఈ రాష్ట్రంలో బతికి ఉండటానికి కారణం ఆ జాగ్రత్తే. ఆ పురుగు టైరుకూ బూటుకూ అంటిన మట్టితో ప్రయాణిస్తుంది. మెల్‌బోర్న్ నుంచి యారా వ్యాలీ చూసుకుని సైకిల్ తెచ్చేవారు బయలుదేరే ముందే టైర్లు, బూట్లు శుభ్రంగా కడిగి ఆరబెట్టుకోవాలి. పళ్లు కూడా రాష్ట్ర సరిహద్దు దాటించకూడదు, పండుఈగ భయంతో తనిఖీలు ఉంటాయి.

రెండోరోజు: కొండల్లోకి

ప్రధాన బాట నుంచి మూడు చుట్టుదారులు చీలుతాయి. పెన్‌వర్తమ్ దగ్గర హారక్స్ పేరుతో ఒకటి, సెవెన్‌హిల్ నుంచి పోలిష్ హిల్ రివర్ వైపు ఫాదర్ రొగాల్స్కి పేరుతో ఒకటి, పడమట స్ప్రింగ్ గల్లీ మీదుగా ఒకటి. ఇవి పల్లె మట్టిరోడ్లు. ఎప్పుడో ఒక ట్రాక్టరో జీపో రావచ్చు. ఇక్కడ రైల్వే ఇంజనీరు దయ ఉండదు. స్ప్రింగ్ గల్లీ ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, పైనుంచి స్కిల్లీ లోయ కనిపిస్తుంది. ముందు పళ్లచక్రం 40 పళ్లదైతే వెనక 42 పళ్లది ఉంటే ఊపిరి ఆడుతుంది.

ఎక్కేటప్పుడు సీటు మీదే కూర్చుని, శరీరాన్ని కాస్త ముందుకు వంచి, చిన్న గేరులో తొక్కండి. లేచి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి కంకరలో తిరుగుతుంది. దిగేటప్పుడు వేగమంతా మలుపుకు ముందే తగ్గించుకోవాలి, మలుపులో బ్రేకు ముట్టుకోకూడదు. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకండి. చక్రం కాస్త అటూ ఇటూ జారినా దానంతట అదే సర్దుకుంటుంది. కారు చక్రాలు నలిపిన జాడల్లోనే వెళ్లండి, మధ్యలో పోగుపడిన వదులు కంకర పడదోస్తుంది.

ఇంకా కాళ్లు దురదపెడితే దక్షిణాన ఆబర్న్ నుంచి రివర్టన్ దాకా అదే పాత రైలు కట్ట మీద రాట్లర్ ట్రెయిల్ మరో 19 కిలోమీటర్లు ఉంది. అడిలైడ్ నుంచి ఫ్లిండర్స్ పర్వతాల్లోని బ్లిన్‌మన్ దాకా 900 కిలోమీటర్లు పోయే మాసన్ ట్రెయిల్ కూడా ఈ లోయ గుండానే వెళ్తుంది. అది వేరే లెక్క, వేరే సెలవు.

తిరుగు ప్రయాణం

పొద్దు గూకే వేళ కంగారూలు మేతకు రోడ్ల దగ్గరికి వస్తాయి. వెలుతురు చూసి పక్కకు తప్పుకోవు, ఎదురుగా దూకుతాయి. సూర్యాస్తమయానికి కనీసం గంట ముందే ఆబర్న్ వదిలి అడిలైడ్ దారి పట్టండి. ఆలస్యమైతే ఆ రాత్రికి అక్కడే గది తీసుకోండి. మేము ఆలస్యమైనవాళ్లమే. మామగారు మరునాడు మమ్మల్ని లేపకుండా తెల్లవారుజామునే లేచి, ఆ కట్ట మీద స్టేషను దాకా నడిచి వచ్చారు.